నల్లరేగడిలో ఖర్చుల పద్దు

ఇంకొల్లు, పర్చూరు ప్రాంతములలో, పత్తికి పేరుపడిన నల్లరేగడి నేలల నడుమ పావులూరు అనే గ్రామమున్నది. తెలుగులో గణితగ్రంథమును పద్యములలో రచించిన పావులూరి మల్లనకు ఇంటిపేరు ఈ ఊరినుండియే వచ్చినదని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పలువురి మతము. జైనాచార్యుడైన మహావీరుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును ఆయన తెనిగించినాడు. మహావీరుని గ్రంథములో వడ్డీ లెక్కలున్నవి, వస్తువుల మార్పిడి లెక్కలున్నవి, బంగారపు వన్నె కట్టే లెక్కలున్నవి. వర్తకునికి, కొలువులోని ఉద్యోగికి, కంసాలికి పనికివచ్చే లెక్కలు ఇవి. ఆ పావులూరి చేలలో ఒక బారువ పత్తి దిగుటకు రైతుకు ఎంత పడినదో తేల్చే లెక్క శాస్త్రముగా రూపొందుటకు మాత్రము మరి తొమ్మిది వందల ఏండ్లు పట్టినది. ఆ లెక్క మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి, మిరప భూములలోనికి ఎట్లు వచ్చినది, వచ్చిన తరువాత ఎవరికి పనికివచ్చినది అనునదే మా ప్రసంగ విషయము.

"ఎంత పడినది" అను మాటను మేము తెలిసియే వాడినాము. మన ఇండ్లలో ఒక వస్తువు తెచ్చినప్పుడు "ఎంతకు కొన్నావు" అని అడుగుట ఒకటి, "ఎంతకు పడినది" అని అడుగుట మరొకటి. మొదటి ప్రశ్నకు అంగడివాడు చెప్పిన వెల సమాధానము. రెండవ ప్రశ్నకు వెలతోపాటు బండి బాడుగ, హమాలీ, దారిఖర్చు, తరుగు అన్నీ కలిపి చెప్పవలెను. వ్యయగణితము, అనగా నేడు కాస్ట్ అకౌంటింగ్ అని పిలిచే విద్య, ఈ రెండవ ప్రశ్ననుండి పుట్టినదే. మాట మన నుడికారములో అనాదిగా ఉన్నది. లెక్క మాత్రము అంగడిలోనే నిలిచిపోయినది. గుంటూరు వర్తకుడు రోజుకు రోజు చిట్టా వ్రాసి, దానిని ఆవర్జాకు ఎక్కించి, గోనెసంచి వెలతో సహా కలుపుకొని సరకు తనకు ఎంతకు పడినదో తేల్చుకొని, ఆ పైన అమ్మకపు ధర చెప్పేవాడు. అతనికి సరకు అమ్మిన రైతు ఇంటిలో చిట్టా లేదు, ఆవర్జా లేదు.

గ్రామములో లెక్కలే లేవని కాదు. లెక్కలు కరణము వద్ద కావలసినన్ని ఉండేవి. అవి వసూలు లెక్కలు. ఎవరి భూమి ఎంత, శిస్తు ఎంత, బాకీ ఎంత అని అవి చెబుతాయి. ఆ పంట తీయుటకు ఇంటిల్లిపాది ఎన్ని నాళ్లు పని చేసినదో, ఎద్దులు ఎంత మేత తిన్నవో వాటిలో ఉండదు. గుంటూరు జమీందారీల చరిత్రను చూచినవారికి ఆ లెక్కల స్వభావము బాగుగా తెలుస్తుంది. 1802లో శాశ్వత పైసలా ఏర్పడిన తరువాత జమీందారులు అప్పులలో కూరుకొనిపోయినారు. 1832-33లో వచ్చిన మహాక్షామము ఈ సీమను పాడుపెట్టినది. అటుతరువాత జమీనులు సర్కారు వశమగుట, వాల్టర్ ఇలియట్ విచారణ జరుపుట మనము చరిత్రలో చదువుకొన్నదే. 1788 మొదలు 1848 వరకు గుంటూరు జిల్లా పాలనను పరిశోధించిన రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్, 1965లో వెలువడిన తన గ్రంథములో, లెక్కలు ఎవరి చేతిలో ఉన్నవో వాస్తవమైన అధికారము కూడ వారి చేతిలోనే ఉండినదని నిరూపించినారు. కచేరీలోని ఉద్యోగులు, గ్రామములోని కరణములు కలిసికట్టుగా వ్రాసిన పద్దులను దాటి దొరతనము వారికి జిల్లా కనబడలేదు. లెక్క వ్రాయువాడు ఏది కనపరచదలచినాడో అదే కనబడినది.

సాగు ఖర్చు అను మాట సర్కారు కాగితములకు ఎక్కినది శిస్తు నిర్ణయము పుణ్యమా అని. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ మద్రాసు రాజధానిలో భూముల సర్వే, సెటిల్‌మెంటు ఆరంభమైనవి. 1864లో ఇంగ్లాండునుండి వచ్చిన ఉత్తరువు ప్రకారము, సర్కారు వాటా నికర ఫలసాయములో సగమునకు మించరాదని తీర్మానమైనది. స్థూలమైన పంటలో సగము కాదు, నికరములో సగము. ఇక ఆ "నికరము" ఏమిటి? ఎకరాకు పండే ధాన్యమును అంచనా కట్టి, దానికి కొన్నేండ్ల సరాసరి ధర వేసి, అందులోనుండి ఎద్దులు, పనిముట్లు, విత్తనము, ఎరువు, కూలి ఖర్చులను తీసివేయవలెను. కాలవైపరీత్యములకు కొంత తగ్గించవలెను. అంగడికి తోలే ఖర్చు, వర్తకుని లాభము అని మరికొంత తగ్గించవలెను. మిగిలినది నికరము.

చూడవలసిన సంగతి ఏమనగా, పంట అంచనా గాని ధర గాని తీవ్రమైన తగాదాకు అంతగా లోను కావు. అవి కంటికి కనబడతాయి, అంగడిలో వినబడతాయి. తగాదా అంతయు తీసివేతలలో ఉన్నది. ఖర్చు క్రింద ఏమేమి వ్రాయవలెను? ఇంటిలోనివారి కాయకష్టమునకు వెల కట్టవలెనా? ఎద్దు ముసలిదగుటను ఖర్చుగా ఎన్నవలెనా? సెటిల్‌మెంటు ఉద్యోగి కలము ఒక పద్దును కొట్టివేసినచో నికరము పెరుగుతుంది, దానితో శిస్తు పెరుగుతుంది. నూటయేబది ఏండ్లు గడచినవి. శిస్తు పోయి మద్దతు ధర వచ్చినది. లెక్క తలక్రిందులై, ఒకనాడు సర్కారు తీసికొనే సొమ్మును నిర్ణయించిన పద్దే, నేడు రైతుకు దక్కే సొమ్మును నిర్ణయిస్తున్నది. తగాదా మాత్రము ఆ తీసివేతల దగ్గరనే ఉన్నది.

పాశ్చాత్య దేశములలో ఈ విద్య ముందుగా కార్ఖానాలలో ఎదిగినది. ఇంగ్లాండులో పింగాణి పాత్రలు చేసే జొసయ్యా వెడ్జ్‌వుడ్, 1772లో అప్పు పుట్టక వ్యాపారములు కూలుతున్న సమయమున, తన పాత్రలు ఒక్కొక్కటి ఎంతకు పడుచున్నవో కూర్చుండి లెక్క కట్టినాడు. ఎన్ని పాత్రలు చేసినా మారని ఖర్చులు కొన్ని, చేసినకొద్దీ పెరిగే ఖర్చులు కొన్ని అని అతనికి అప్పుడు స్పష్టమైనది. తన గుమాస్తా చేతివాటము కూడ ఆ లెక్కలలోనే బయటపడినదట. వ్యవసాయములో ఈ పద్ధతిని అనుసరించుటకు ఆక్స్‌ఫర్డులో 1913లో సి.ఎస్. ఆర్విన్ ఆధ్వర్యమున ఒక పరిశోధనాలయము వెలసినది. ఆ ఆక్స్‌ఫర్డులోనే, ఆ తరువాతి దశాబ్దములో, గుంటూరు జిల్లా నిడుబ్రోలునుండి వెళ్లిన యువకుడు ఎన్.జి. రంగా అర్థశాస్త్రము అభ్యసించినారు. భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థను గురించి ఆయన రచించిన గ్రంథపు మొదటి సంపుటము 1926లో వెలువడినది. డెల్టా గ్రామముల రైతుల ఆదాయవ్యయములు అందులోని ముఖ్య విషయము. రాజకీయ నాయకుడైన రంగాగారిని ఎరుగనివారు లేరు, ఇంటింటికి తిరిగి పద్దులు అడిగి వ్రాసికొనిన రంగాగారిని గుర్తుంచుకొన్నవారు కొద్దిమంది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1954-55లో, కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ నిర్వహణ పరిశోధనలు అను పేర ఒక ప్రయత్నము మొదలుపెట్టినది. మన రాష్ట్రములో ఇది 1957-58లో పశ్చిమగోదావరి జిల్లాతో ఆరంభమైనది. ఈ పరిశోధనలలో మొదట రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నడిపి చూచినారు. ఒకటి సర్వే పద్ధతి: ఏడాదిలో కొన్నిమార్లు వెళ్లి, రైతు జ్ఞాపకము మీద చెప్పినది వ్రాసికొనుట. రెండవది వ్యయగణిత పద్ధతి: ఒక ఉద్యోగి ఊరిలోనే కాపురముండి, ఎన్నుకొన్న కమతములకు నిత్యము వెళ్లి, ఆనాడు ఎవరు ఎన్ని గంటలు పనిచేసినారు, ఎన్ని అరకలు కట్టినారు, ఏమి కొన్నారు, ఏమి ఇచ్చినారు అని దినచర్యగా వ్రాయుట. ఈ రెండవ పద్ధతిలో తిరిగిన ఉద్యోగుల ఓర్పును తలచుకొన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలుగుతుంది. ప్రొద్దుగూకి ఇంటికి చేరిన రైతును, "నేడు గొడ్లకు ఎంత మేత వేసినావు, మీ ఆడవారు ఎన్ని సాళ్లు కలుపు తీసినారు" అని ప్రతిదినము అడుగుట సామాన్యమైన పని కాదు.

అట్లు వ్రాసిన పద్దులను కూడి చూడగా ఒక చిక్కు బయలుదేరినది. ఇంటివారి శ్రమకు కూలిరేటు వెల కట్టి ఖర్చులో కలిపినచో, చిన్న కమతములు చాల వరకు నష్టములో ఉన్నవి. నష్టమే అయినచో అవి ఏటేట ఎట్లు సాగుతున్నవి? అమర్త్య సేన్ 1962లో ఎకనామిక్ వీక్లీ పత్రికలో ఈ ప్రశ్నను లేవదీసినారు. ఆయన సమాధానము సారాంశముగా ఇది: ఇంటిలోని మనిషికి బయట ఆ కూలి ఇచ్చి పని కల్పించువారు ఉన్నప్పుడే ఆ రేటు అతని శ్రమకు తగిన వెల. బయట పని దొరకనప్పుడు అతడు తన చేనిలో, కూలిమనిషిని పెట్టినచో గిట్టని పనిని కూడ చేస్తాడు. అతనికి అది నష్టము కాదు. ఈ వాదముపై పెద్ద చర్చ నడచినది. మాకు తోచినంతలో, ఆ వాదము 1962నాటి గ్రామమునకు సరిపడినది. నేటి చిలకలూరిపేటకు గాని, నరసరావుపేటకు గాని అంత సులువుగా సరిపడదు. మిరపకాయ కోతల కాలములో మనుషులు దొరకక, దూరపు జిల్లాలనుండి కూలీలను రప్పించుకొనే సీమ ఇది. అట్టి చోట ఇంటి ఇల్లాలు తన చేనిలో కోసిన కాయకు వెల లేదనుట లెక్క తప్పుటయే.

1970-71లో ఆ పరిశోధనలు స్థిరమైన పథకముగా మారినవి. ముఖ్యమైన పంటల సాగు ఖర్చును ఏటేట సేకరించే ఈ పథకమును మన రాష్ట్రములో వ్యవసాయ విశ్వవిద్యాలయము నడుపుతున్నది. గ్రామముల గుచ్ఛములను ఎన్నుకొని, ఒక్కొక్కదానిలో అయిదు పరిమాణముల కమతములనుండి రెండేసి చొప్పున పది కమతముల లెక్క వ్రాస్తారు. వ్రాసినదానిని పొరలు పొరలుగా కూడుతారు. ఆ పొరలకు ఇంగ్లీషు అక్షరములతో పేర్లున్నవి. పేర్లు నీరసమైనవే గాని, వాటి వెనుక ఒక సంసారము మొత్తము ఉన్నది.

మొదటిది ఏ1. రైతు చేతినుండి డబ్బుగా గాని సరకుగా గాని వెళ్లినదంతా ఇందులో చేరుతుంది: విత్తనము, ఎరువు, పురుగుమందు, కూలి, ట్రాక్టరు బాడుగ, నీటితీరువ, పెట్టుబడి మీద వడ్డీ, పనిముట్ల అరుగుదల. దానికి భూమికి చెల్లించిన కౌలు కలిపినచో ఏ2. దానికి ఇంటిల్లిపాది శ్రమకు వెల కట్టి కలిపినచో, ఏ2 మరియు కుటుంబ శ్రమ అంటారు. ఇక సొంత భూమికి కూడ కౌలు విలువ కట్టి, సొంత పెట్టుబడికి వడ్డీ కట్టి, అన్నింటిని కూడినచో అది సి2. ఆ పైన రైతు చేసే పెత్తనమునకు, అనగా నిర్వహణకు, నూటికి పది చొప్పున కలిపితే సి3. ఒకే చేను, ఒకే పంట, ఒకే ఏడు. ఏ పొర వద్ద ఆగినారో దానినిబట్టి లాభము నష్టముగా మారుతుంది, నష్టము లాభముగా మారుతుంది.

ఈ సీమలో పత్తి క్రొత్తది కాదు. కోకనాడలు అను వ్యాపారనామముతో ఇచ్చటి పత్తి విదేశములకు వెళ్లిన కాలమున్నది. అయితే నేడు మనము ఎరిగిన పెట్టుబడి సేద్యము నాగార్జునసాగరము తరువాతి సంగతి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టులో కాలువలకు నీటి విడుదల. అటు కోయంబత్తూరునుండి ఎం.సి.యు.5 వంటి పొడవు పింజ రకములు, 1970లో గుజరాతునుండి హెచ్-4, 1972లో ధార్వాడనుండి వరలక్ష్మి సంకర రకములు వచ్చినవి. లాం పరిశోధన క్షేత్రము 1922లోనే ఏర్పడినది. అచ్చటి మిరప రకములు ఊరూరికి పాకినవి. డెల్టా రైతులు నరసరావుపేట వైపు, పర్చూరు వైపు వచ్చి భూములు కౌలుకు తీసికొని పత్తి వేసినారు. తొలి ఏండ్లలో పచ్చని నోట్లు చూచినారు. కౌలు రేట్లు పెరిగినవి. పత్తికి లాభము వచ్చినకొద్దీ కౌలు పెరుగుట, ఆ కౌలు మరునాటి పత్తికి ఖర్చగుట అను విచిత్రము ఇచ్చట జరిగినది. లాభమే ఖర్చుగా మారి ఎదురు వచ్చినది.

1980 ప్రాంతమున సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు వచ్చినవి. మొదట అవి బ్రహ్మాస్త్రములవలె పనిచేసినవి. 1984-85 మొదలుకొని తెల్లదోమ విజృంభించినది. ఆ వెనుక శనగపచ్చ పురుగు వచ్చినది. 1987లో ఆ పురుగు పైరెథ్రాయిడ్లకు లొంగకపోవుట కోస్తా ఆంధ్రలో వెల్లడి అయినది. ఒక్క పంటకాలములో ఇరువది మార్లకు మించి మందు కొట్టిన రైతులున్నారు. మందు అరువిచ్చినవాడే వడ్డీవ్యాపారి, చివరకు పత్తి కొనేవాడు కూడ అతడే. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ప్రాణములు తీసికొనుట దేశమంతటను సంచలనము కలిగించినది. కొందరు త్రాగినది, పురుగును చంపలేకపోయిన ఆ మందునే.

ఆనాటి రైతుకు లెక్క తెలియకపోవుటచే ఈ అనర్థము వచ్చినదని ఎవరైన చెబితే మేము అంగీకరించము. పురుగు లొంగదను సంగతి శాస్త్రజ్ఞులకే అప్పుడప్పుడే తెలుస్తున్నది. కాని ఒక ప్రశ్న మాత్రము అడగదగినది: పదునాలుగవ మారు మందు కొట్టునపుడు ఆ రైతు ఎట్లు ఆలోచించి ఉంటాడు? "ఇప్పటికే ఇంత పోసినాము, ఇప్పుడు మానితే పోసినదంతా నేలపాలు" అని. ఈ ఆలోచన సహజము. వ్యయగణితము చెప్పేది దీనికి సరిగా ఎదురు. పోసినది పోయినది. అది తిరిగి రాదు, మరి కొట్టినా కొట్టకున్నా రాదు. ఇప్పుడు చూడవలసినవి రెండే: ఈ పదునాలుగవ మందుకు, కూలికి అయ్యే ఖర్చు ఎంత, అది కొట్టినందువలన అదనముగా దక్కే పత్తి ఎంత.

విచిత్రమేమనగా, కీటకశాస్త్రజ్ఞులు ఇదే సూత్రమును 1959లోనే తమ శాస్త్రములోనికి తెచ్చుకొన్నారు. కాలిఫోర్నియాలో స్టెర్న్, అతని సహచరులు ఆ ఏట ప్రకటించిన వ్యాసములో, పురుగు కనబడగానే మందు కొట్టరాదని, అది చేసే నష్టము మందు ఖర్చును దాటే స్థాయికి చేరబోవునపుడే కొట్టవలెనని చెప్పినారు. నేడు ఆర్థిక నష్ట పరిమితి అని వ్యవసాయ ఉద్యోగులు చెప్పేది ఇదే. పురుగులను లెక్కపెట్టుట, రూపాయలను లెక్కపెట్టుట ఒకే పద్దులో కలిసినవి. ఈ ఆలోచనను ఇంకను ముందుకు తీసికొని వెళ్లి, నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు రసాయనిక పురుగుమందులను మొత్తము మాని, 2003లో తమ ఊరిని మందులు లేని గ్రామముగా ప్రకటించుకొన్నారు. అచ్చట పత్తితోపాటు మిరప కూడ ఉన్నది.

మిరప సంగతికి వస్తే, లెక్క అవసరము మరింత పదునుగా కనబడుతుంది. పత్తికి మద్దతు ధర ఉన్నది, మిరపకు లేదు. గుంటూరు యార్డుకు టిక్కీలు దిగిన ఉదయము పలికినదే ధర. ఒక ఉదాహరణ చెబుతాము. అంకెలు ఊహకు మాత్రమే. ఎకరాకు ఇప్పటికే లక్షన్నర ఖర్చయినది. చెట్టున మిగిలినది చివరి కోత. దానిని కోయించి, కళ్లములో ఆరబెట్టి, తాలు ఏరించి, గోతమునకు ఎత్తించి, బాడుగ, కమీషను ఇచ్చి అమ్ముటకు క్వింటాలుకు 5,000 పడుతుంది. యార్డులో ధర 6,000 ఉన్నచో కోయవలెను, 4,500 ఉన్నచో కోయరాదు. లక్షన్నర సంగతి ఈ నిర్ణయములో తలపెట్టరాదు. అయితే, వచ్చే ఏడు మిరప వేయవలెనా అను నిర్ణయములో మాత్రము ఆ లక్షన్నరయే ప్రధానము. ఒకే ఖర్చు ఒక ప్రశ్నకు పనికిరాదు, మరొక ప్రశ్నకు ప్రాణము. మాకు పరిచయమున్న రైతులలో చాలమంది ఈ భేదమును అనుభవముతో ఎరుగుదురు, పేరు మాత్రము పెట్టలేదు.

మరొక నిర్ణయము కోల్డు స్టోరేజి. గుంటూరు చుట్టును ఉన్న శీతల గిడ్డంగులలో టిక్కీలు వేసి, ధర కొరకు ఎదురుచూచుట వాడుక. నేటి ధర క్వింటాలుకు 12,000 అనుకొందాము. ఆరు నెలలు ఉంచదలచినాము. గిడ్డంగి బాడుగ, హమాలీ, తోలకము కలిపి 400 అనుకొందాము. ఇంతవరకే లెక్కించి "12,400 దాటితే లాభము" అనుకొనేవారున్నారు. కాని నేడు అమ్మి ఉన్నచో ఆ 12,000 అప్పుకు జమ అయ్యేది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయినచో, ఆరు నెలలకు 1,440. సరకులో నూటికి రెండు పాళ్లు తరుగు పోయినదనుకొనుడు. అప్పుడు మిగిలిన 98 కిలోలకు 13,840 రావలెను, అనగా క్వింటాలు ధర 14,120 దాటవలెను. 13,500కు అమ్మి, క్వింటాలుకు పదునైదు వందలు ఎక్కువ వచ్చినదని సంతోషించిన రైతు, ఈ లెక్క ప్రకారము క్వింటాలుకు ఆరు వందలకు పైగా పోగొట్టుకొన్నాడు. ఆ ఆరు వందలు ఏ చీటీలోను కనబడవు. అందుచేతనే అవి ప్రమాదకరమైనవి.

2017లో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వము క్వింటాలు 5,000 రూపాయలకు కొనుటకు అనుమతించినది. దానిపై కొనుగోలు నిర్వహణ ఖర్చులకు మరి 1,250 మంజూరు చేసినది. కొనేవారి ఖర్చుకు నాలుగవ వంతు పద్దు వ్రాయబడినది. పండించినవారి ఖర్చు ఏ పద్దులో వ్రాసినారో ఆ ఉత్తరువు చెప్పలేదు. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను మాడ్చినది. 2025 ఫిబ్రవరిలో ధర మరల దిగినప్పుడు, క్వింటాలుకు 11,781 రూపాయలు అను కనీస జోక్యపు ధరను ప్రకటించి, 2.43 లక్షల టన్నుల మేరకు వ్యత్యాసమును చెల్లించే ఏర్పాటు జరిగినది. ఎనిమిదేండ్లలో 5,000 పోయి 11,781 వచ్చినది. మందుల ధరలు, కూలి, కౌలు ఎంత ఎక్కినవో ఊహించుటకు ఈ రెండంకెలు కొంత చాలును.

కంపెనీల సంగతి వేరు. వారికి వ్యయగణితము చట్టముచేతనే ఉన్నది. వ్యయగణకుల సంస్థ 1944లో ఏర్పడి, 1959లో పార్లమెంటు చట్టముచే శాశ్వత రూపము పొందినది. 1965లో కంపెనీల చట్టమును సవరించి, కొన్ని పరిశ్రమలు ఖర్చుల పద్దులు విధిగా ఉంచవలెనని, వాటిని తనిఖీ చేయించవలెనని నిర్ణయించినారు. నూలు మిల్లు తన కండె నూలు ఎంతకు పడినదో పైసలతో చెప్పగలదు. ఆ నూలుకు మూలమైన పత్తి ఎంతకు పడినదో చెప్పవలసిన పని ఎవరికీ చట్టము అప్పగించలేదు.

ఒక్కసారి మాత్రము రైతు పక్షమున ఖర్చు అడిగిన ఘట్టమున్నది. బి.టి. పత్తికి 2002లో అనుమతి లభించినది. 450 గ్రాముల విత్తన సంచి 1,600 రూపాయలకు మించి అమ్మినారు. అందులో 1,250 దాకా విత్తనము వెల కానే కాదు, ఆ జన్యువుపై హక్కుకు చెల్లించే రుసుము. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ సంఘము ముందు ఫిర్యాదు చేసినది. ఈ రుసుము ఏ ఖర్చుపై ఆధారపడినది అనునదే వాదములోని కీలకము. ఆ ఏడు మే నెలలో సంఘము రుసుమును తగ్గించవలెనని ఉత్తరువు ఇచ్చినది. సంచి ధర 750 రూపాయలకు దిగినది. 2007లో రాష్ట్రము విత్తనపు ధరలపై చట్టమే చేసినది. 2016-17 నుండి దేశమంతటికీ కేంద్రమే ధర నిర్ణయించుట ఆరంభించినది. ఒక్క పద్దును విడదీసి, "ఇది దేనికి" అని అడిగినందుకు సంచికి ఎనిమిది వందల రూపాయలకు పైగా తగ్గినవి. గుంటూరు, ప్రకాశము జిల్లాల చరిత్రలో వ్యయగణితము ఇంత సూటిగా రైతు గడపకు చేరిన సందర్భము మాకు మరొకటి కనబడదు.

ఇక మద్దతు ధర. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుసంఘము 2006 నాటికి, సాగు ఖర్చుపై నూటికి ఏబది చేర్చి మద్దతు ధర ఇవ్వవలెనని సిఫారసు చేసినది. 2018 బడ్జెటులో కేంద్రము ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అను మాట ఇచ్చినది. ఏ ఖర్చుకు? ఏ2 మరియు కుటుంబ శ్రమకు. రైతు సంఘములు కోరినది సి2కు. 2025-26లో మధ్యరకము పింజ పత్తికి ఆ ఖర్చును క్వింటాలుకు 5,140గా గణించి, 7,710 రూపాయల ధర ప్రకటించినారు. హెచ్చవేసి చూడుడు, సరిగా ఒకటిన్నర రెట్లే. గణితములో లోపము లేదు. అయితే ఆ 5,140 దేశమంతటి రాష్ట్రముల సరాసరి. అందులో కౌలు ఇచ్చిన రైతు, ఇవ్వని రైతు కలిసి ఉన్నారు. సొంత భూమివాడు ఏ2 లెక్కలో కౌలు వ్రాయడు గనుక, సరాసరి తీసినప్పుడు కౌలు పద్దు పలుచబడుతుంది. పర్చూరు ప్రాంతమున భూమి అంతయు కౌలుకు తీసికొని, డబ్బు ముందుగా చెల్లించి పత్తి వేసినవానికి ఆ సరాసరి వర్తించదు. అతడు చెల్లించిన కౌలు అతనికి ఊహాగణితము కాదు, చేతినుండి పోయిన నోట్లు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి, నరసరావుపేట పల్నాడులోనికి, పర్చూరు, ఇంకొల్లు బాపట్ల జిల్లాలోనికి వెళ్లినవి. కౌలుదారులను గుర్తించుటకు 2011లో ఒక చట్టము, 2019లో మరొక చట్టము వచ్చినవి. కౌలు మాత్రము ఇంకను చాలచోట్ల నోటిమాట మీదనే నడుస్తున్నది. కాగితము లేని కౌలుకు రసీదు లేదు. రసీదు లేని ఖర్చు బ్యాంకులో చూపుటకు లేదు, నష్టపరిహారము వచ్చినప్పుడు చూపుటకు లేదు. పద్దులో అన్నింటికంటె పెద్ద అంకె అదే అయినప్పటికీ, కౌలురైతు తన ఖర్చులను ఎవరికైన చెప్పవలసి వచ్చినప్పుడు ఆ వరుసను ఖాళీగా వదలి, విత్తనముతో మొదలుపెడతాడు.